మొహమాటమును మూగజీవమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయములను నడుపువారికి ఒక చిక్కు బాగుగ తెలిసియుండును. ఊరిలోని పెద్దమనిషి యొకరు ఇల్లు సర్దుకొనుచు గంపెడు పాత పుస్తకములను గ్రంథాలయమునకు పంపును. అందు సగము గడచిపోయిన యేండ్ల పంచాంగములు, అట్టలూడిన పరీక్షల గైడులు, చెదలు తిన్న సంపుటములు. వానిని కాదనుటకు కార్యదర్శికి నోరు రాదు. దాత మనసు నొచ్చునేమో యని అన్నిటికిని రసీదు వ్రాసి యిచ్చి బీరువాలో పెట్టించును. ఏడాది తిరుగునప్పటికి ఆ చెద మంచి పుస్తకములకును ప్రాకును. దానము పుచ్చుకొనుటకు ఒక నిమిషము చాలును. పుచ్చుకొన్నదానిని కాపాడుటకు ఏండ్లు పట్టును. ఈ సంగతి ప్రతి గ్రంథాలయమును ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకొన్నదే.

పుస్తకమునకైనచో ఆకలి లేదు, దప్పిక లేదు. బీరువాలో పదియేండ్లు పడియున్నను అది ఎవరి రాక కొఱకును గుమ్మము వంక చూడదు. మిత్రులు "మేము పెంచలేకున్నాము, మీరు తీసికొనుడు" అని యిచ్చు కుక్కయో పిల్లియో అట్టిది కాదు. అట్టి ప్రాణిని తీసికొనవలెనా, వలదా యని తేల్చుకొనుట యెట్లన్నదే ఈ ప్రసంగ విషయము. రజతోత్సవ సభలో కుక్కల ప్రసంగమేమని కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వినను తప్పులేదు. అయినను ఈ ప్రశ్న నేడు పల్లె గడపలకు తఱచుగ వచ్చుచున్నది. వచ్చినప్పుడు ఆలోచించుటకు వ్యవధి యుండదు.

పూర్వము పల్లెలో కుక్కను "తీసికొనుట" యను మాటయే అరుదు. కుక్క వీథిది. ఏ యింటి ముందు అన్నము దొరకిన ఆ యింటి అరుగు దానిది. పిల్లి సంగతి చెప్పనే అక్కఱలేదు; తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని దానికి పేరే యున్నది. పశువుల విషయమున మాత్రము కట్టుబాట్లుండెడివి. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. పాడిగేదెను కొనువాడు రెండు పూటలు తన యెదుట పాలు పితికించుకొనును. పెయ్యను ఒకరికి మేపుకిచ్చినచో పుట్టబోవు దూడ ఎవరిదో ముందే మాట యనుకొందురు. సొమ్ము పెట్టి కొనునప్పుడు ఇన్ని చూచు మనిషి ఊరక వచ్చు కుక్కను గూర్చి ఒక్క ప్రశ్నయు వేయడు. ఉచితముగ వచ్చుదానిని పరీక్షించుట అమర్యాద యని అతని భావము. చిక్కంతయు అచ్చటనే యున్నది.

పట్టణములలో విదేశ జాతుల కుక్కలను కొని పెంచుట ఇటీవలి దశాబ్దములలో బాగుగ పెరిగినది. 2020లో కరోనా వ్యాధి వలన జనము ఇండ్లలో మూతపడియున్న కాలమున, ప్రొద్దుపోవుటకై కుక్కపిల్లలను తెచ్చుకొన్నవారు మఱికొందఱు. కార్యాలయములు తిరిగి తెఱచినప్పుడు, బదిలీ వచ్చినప్పుడు, అద్దె యింటి యజమాని ఒప్పుకొననప్పుడు, వారికి పల్లెలో నున్న మిత్రులు గుర్తుకు వత్తురు. విదేశమునకు పోవువారి సంగతి మఱియు కష్టము. అమెరికాలో 2024 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము, రేబిస్ అధికముగ నున్నవని ఆ దేశము ఎంచిన దేశముల నుండి కుక్కను తీసికొనిపోవుటకు దాని చర్మము క్రింద గుర్తింపు చిప్పు ఉండవలెను. టీకా పత్రములు, రక్తపరీక్ష వంటివి కావలెను. రక్తపరీక్ష లేనిచో అచ్చట 28 దినములు వేఱుగ నుంచుదురు. భారతదేశము ఆ పట్టికలోనిదే. కుమార్తె యొద్దకో కుమారుని యొద్దకో పోవు వృద్ధ దంపతులు ఇంత ప్రయాసకు ఓర్వలేక, "పల్లెలో చోటు ఎక్కువ గదా, దానికి హాయిగా నుండును" అని తమకు తామే చెప్పుకొందురు.

ఒక ఉదాహరణము. ఇది ఏ యొక్క ఇంటి కథయు కాదు. పది యిండ్లలో జరుగుచున్నదానిని ఒక యింటికి కుదించినది. కృష్ణాతీరమున ఒక గ్రామము. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, ఆయన భార్య, ముసలి తల్లి, నాలుగేండ్ల మనుమడు ఆ యింట నున్నారు. వాకిట ఒక ఊరకుక్క, పెరటిలో పది కోళ్లు. హైదరాబాదులో నున్న బాల్యమిత్రుడు ఒకనాటి రాత్రి ఫోను చేసెను. నెలలో అమెరికా ప్రయాణము. ఇంట అయిదేండ్ల లాబ్రడార్ కుక్క యున్నది.

"ఒరేయ్, నువ్వు కాక నాకింకెవరున్నారురా? చెల్లెమ్మకు జీవాలంటే ప్రాణం గదా!"

ఉపాధ్యాయుడు "అలాగేలేరా, చూద్దాం" అనెను. ఆ "చూద్దాం" అను మాటను ఇచ్చినవాడొక విధముగను పుచ్చుకొన్నవాడొక విధముగను అర్థము చేసికొందురు. ఫోను పెట్టునప్పటికి హైదరాబాదులో కుక్కకు ఇల్లు దొరకినది. పల్లెలో ఇంకను ఎవరికిని సంగతి తెలియనే లేదు.

మొహమాటమనునది విచిత్రమైన పదార్థము. అది భయము కాదు, ప్రేమ కాదు, మర్యాదయు కాదు. మూడును కొంచెము కొంచెము కలిసిన ముద్ద. పెండ్లి విందులో మూడవసారి వడ్డించిన బూరెను తినుటకు అది చాలును. తిన్నవాని కడుపు మాత్రమే నొచ్చును గనుక లోకమునకు నష్టము లేదు. మొహమాటముతో పుచ్చుకొన్న కుక్క గతి వేఱు. రెండు నెలలకు విసుగు పుట్టును. తిరిగి యిచ్చుటకు మిత్రుడు దేశములో లేడు. అంతట ఆ కుక్క పాలేరు ఇంటికో, తోట కాపుదలకో, చివరకు దూరపు రహదారి ప్రక్కకో చేరును. మొదటి ఇల్లు వీడిన కుక్క ఎట్లో సర్దుకొనగలదు. రెండవ ఇల్లును మూడవ ఇల్లును మాఱుచు పోయిన కొలది దాని యందు భయము పెరుగును, భయము వలన కఱచుట పెరుగును, కఱచు కుక్కను ఉంచుకొనువారు దొరకరు. ఆనాడు ఫోనులో ఒక్క మాట "కాదు" అనలేకపోయినందుకు ఇంత దూరము వచ్చును.

మఱునాటి యుదయమున ఆ యింట మాట బయటపడినది. ముసలితల్లి వెంటనే, "ధర్మరాజంతటివాడు కుక్కను విడవలేదు నాయనా, తెచ్చుకోండి" అనెను. ఈ కథను ఇట్టి సందర్భములందు అందఱును చెప్పుదురు గనుక కొంచెము నిలిచి చూడవలసియున్నది. మహాప్రస్థానిక పర్వమున హస్తినాపురము నుండి పాండవుల వెంట ఒక కుక్క నడచివచ్చును. తమ్ములును ద్రౌపదియు పడిపోయిన పిదపను అది ధర్మరాజును విడువదు. దానిని వదలి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పగా ఆయన ఒప్పుకొనడు. జాగ్రత్తగ చదివినచో, ఆ కుక్కను ధర్మరాజునకు ఎవరును అప్పగింపలేదు. అది తానుగా ఆయనను ఆశ్రయించినది. ఆయన నిరాకరించినది ఆశ్రయించినదానిని విడుచుటను. కావున ఆ కథ మొదట వర్తించునది ఇచ్చువానికి; పుచ్చుకొనువానికి కాదు. రథము అమెరికాకు పోవునదైనను స్వర్గమునకు పోవునదైనను ప్రశ్న ఒక్కటే. ఈ మాట ఆ తల్లికి ఎవరును చెప్పలేదు. పెద్దలతో వాదమెందుకని ఊరకుండిరి.

ఇల్లాలు మాత్రము కాఫీ గ్లాసు చేతికిచ్చి మూడు మాటలు అడిగెను.

"ఏమండీ, అన్నయ్యగారు ఎందుకు ఇచ్చేస్తున్నారో సరిగా అడిగారా? అది ఎవరినైనా కరిచిందా? రెండు పూటలా దానికి పెట్టేది ఎవరు?"

మూడవ ప్రశ్నకు సమాధానము ఆ యింట అందఱికిని తెలిసినదే. మగవారు మిత్రునికి మాట యిత్తురు. ఆ మాటను గిన్నెలోనికి వడ్డించునది ఆడువారు. ఆమె లెక్కయు వేసినది. లాబ్రడార్ కుక్కలు సాధారణముగ పది పండ్రెండేండ్లు జీవించును. ఇప్పటికి అయిదేండ్లు. ఇంకను ఆఱేండ్లనుకొన్నను దినమునకు రెండు పూటల చొప్పున 4,380 పూటలు. ఆమె కాన్పునకు కుమార్తె యింటికి పోయిన నాళ్లును, తీర్థయాత్రలును, జ్వరము వచ్చిన నాళ్లును అందులోనే యున్నవి. ప్రాణిని తెచ్చుకొనదలచిన ప్రతి యింటిలోను మొదట వేయవలసిన లెక్క ఇదియే. పూటలు లెక్కపెట్టునది ఎవరి చేయియో, నిర్ణయములో మొదటి మాటయు వారిదే కావలెను. ఈ ఒక్క నియమము పాటించినచో సగము తప్పులు జరుగవు.

మొదటి ప్రశ్న మఱింత సున్నితమైనది. కుక్కను ఇచ్చివేయువారు చెప్పు కారణమును అసలు కారణమును ఒకటే కానక్కఱలేదు. ప్రయాణమని చెప్పుదురు, మూత్రము ఆగని జబ్బు దాగియుండును. స్థలము చాలదందురు, ఇరుగుపొరుగువారితో తగవు జరిగియుండును. వారు అబద్ధమాడుదురని కాదు. పెంచినవారికి తమ కుక్క దోషము దోషముగ తోచదు. కాబట్టి ఫోనులో అడిగినది చాలదు, పోయి చూడవలెను. ఎద్దును కాడి కట్టి చూచినట్లే.

దంపతులు పోయి ఒక రాత్రి మిత్రుని యింట నుండిరి. కుక్క ముచ్చటైనది. వచ్చినవారి ఒడిలో తల పెట్టినది. తెల్లవారిన పిదప పనిమనిషి దానికి అన్నము పెట్టి, జారిన గిన్నెను సరిచేయుటకు చేయి చాచినది. కుక్క పండ్లు బయటపెట్టి గుఱ్ఱుమనినది. మిత్రుడు నవ్వుచు, "అన్నం దగ్గర మాత్రం అంతేరా, మిగతా వేళల్లో బంగారం" అనెను.

ఆ మాట ఫోనులో రాలేదు. ఇల్లాలు భర్త వంక చూచినది. నాలుగేండ్ల మనుమడు అన్నము పళ్ళెము పట్టుకొని ఇల్లంతయు తిరుగువాడు.

ఇందులో ఆ కుక్క తప్పేమియు లేదు. ఈ జాతికి ఆకలి ఎక్కువ. కడుపు నిండినదని మెదడునకు తెలుపుటలో పాలుపంచుకొను ఒక జన్యువులోని కొంత భాగము ఈ జాతి కుక్కలలో సుమారు నాలుగవ వంతువానిలో లోపించియుండునని 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొనిరి. తిండిని కాపాడుకొను స్వభావమును ఓర్పుతో మాన్పవచ్చును గూడ. కాని దానికి నెలలు పట్టును; ఆ నెలలలో పసివాడు ఇంట నుండరాదు. కుక్క కాటును పల్లెలో తేలికగ తీసికొనుట యింకను పోలేదు. పసుపు అద్ది, కట్టు కట్టి ఊరకుండువారు కలరు. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప దాదాపు ఎవరును బ్రదుకరు. అంతకు ముందు టీకా వేయించినచో దానిని ఆపవచ్చును. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల బాలునికి ఆ టీకా వేసి కాపాడెను. దక్షిణదేశమున 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసినది. కఱచినది పెంపుడు కుక్కయైనను, దానికి ఏటేట టీకా వేయించుచున్నను, గాయమును సబ్బుతో పాఱునీటిలో పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. ఇది ప్రసంగ విషయమునకు కొంచెము ప్రక్కదైనను, సభలో ఒక్కరికి గుర్తున్నను మేలే.

వేసవి సంగతియు వారి మనసులో మెదలినది. ఈ జాతి పూర్వులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరమున చన్నీటిలో బెస్తవారికి సాయపడిన కుక్కలు. రెండు పొరల బొచ్చు వానిది. కుక్కకు మనిషి వలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక వ్రేలాడవేసి రొప్పుటయే దాని చల్లదనము. కోస్తాలో మేనెల ఎండ 40 డిగ్రీలు దాటును; కరెంటు పోయిన మధ్యాహ్నము రేకుల పంచలో అది ఏమగునో చెప్పనక్కఱలేదు. పల్లెలో చోటు ఎక్కువ యను మాట నిజమే. ఆ చోటులో నీడ యెంత, చల్లదనమెంత అన్నది వేఱు ప్రశ్న. పొరుగువారి కోడిపెట్టను ఆ కుక్క ఒకనాడు నోట కఱచుకొని వచ్చినచో ఎన్ని తరముల స్నేహము ఏమగునో, అది ఇంకొక ప్రశ్న.

తిరుగు బస్సులో వారేమియు మాటలాడుకొనలేదు. ఇల్లు చేరిన పిదప ఉపాధ్యాయుడు ఫోను చేసి, సాకులు చెప్పక, "పసివాడున్నాడురా, అన్నం దగ్గర అది గుర్రుమనడం చూశాం. మా ఇంట్లో కుదరదు. వేరే ఇల్లు నేను వెతుకుతాను" అనెను. అవతల కొంచెము సేపు మాట లేదు. తరువాత వారము దినములు ఫోనును లేదు. కాదన్నవానికి ఈ నష్టము తప్పదు. ఇది చిన్న నష్టమని చెప్పుటయు సరికాదు. నలువది యేండ్ల స్నేహమునకు ఒక గీత పడినది. అయినను ఆయన కాదని ఊరకుండలేదు. ఇక్కడ మొహమాటమునకును మంచితనమునకును గల తేడా కనబడుచున్నది. మండల పశువైద్యుని అడిగెను, తెలిసిన తోటలవారిని అడిగెను. పిల్లలు లేని, చుట్టును మామిడి నీడ గల ఒక యిల్లు నూజివీడు వైపున దొరకినది. ఆ యింటివారికి కుక్క గుణమును దాచక ముందే చెప్పిరి.

ఇచ్చువానికి చట్టమును కొంత యున్నది. జంతుహింస నివారణకై 1960లో చేసిన చట్టము, తగిన కారణము లేక ప్రాణిని ఆకలి దప్పికల పాలగునట్లు విడిచిపెట్టుటను నేరముగ నెంచినది. మొదటి తప్పునకు ఆనాడు విధించిన జరిమానా 50 రూపాయలకు మించకుండ. 1960లో ఏబది రూపాయలు బరువైన సొమ్మే. రూపాయి విలువ తరుగుచు పోయిన కొలది చట్టము పలుకుబడియు తరిగినది.

చిలుకల విషయమున ఆలోచనయే అక్కఱలేదు. మన రామచిలుకను పంజరమున పెంచుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అంగీకరింపదు. మిత్రుడు పంజరముతో సహా యిచ్చినను పుచ్చుకొనరాదు, అటవీశాఖవారికి అప్పగింపుమని చెప్పవలెను. నక్షత్ర తాబేలును అంతే. ఇక చెంపల మీద ఎఱ్ఱని చారలు గల అమెరికా తాబేళ్లు కలవు. రూపాయి బిళ్లంత యున్నప్పుడు పిల్లల ముచ్చటకు కొందురు; పళ్ళెమంత పెరిగినప్పుడు "మీ ఊరి చెరువులో వదలుడు" అని తెత్తురు. వదలరాదు. అవి మన చెరువు తాబేళ్ల తిండిని, ఎండ కాచుకొను చోటును ఆక్రమించును. పిల్లిని తీసికొనువారు మాత్రము ఒకటి తెలిసికొనవలెను. అది మనిషి కంటె చోటును ఎక్కువగ నమ్ముకొనును. క్రొత్త యింట రెండు మూడు వారములు గదిలోనే ఉంచి పెట్టనిచో పాత యింటిని వెదకుచు పోయి దారి తప్పును.

మామిడితోట యింటివారు కుక్కను వెంటనే తమదని అనలేదు. నెల దినములు చూతుమనియు, కుదరనిచో మిత్రుని ప్రయాణమునకు ముందే తిరిగి యిత్తుమనియు మాట యనుకొనిరి. మిత్రుడు ఇందుకై ప్రయాణమును పదునైదు దినములు వెనుకకు జరిపికొనెను. ఇది ఆయన యందు మెచ్చవలసిన సంగతి. టీకాల పుస్తకము, అది పండుకొను పాత బొంత, మెడపట్టీ, తినుచున్న తిండి నాలుగు దినములకు సరిపడ కూడ పంపెను. తిండి ఒక్కసారిగ మాఱినచో కుక్కకు కడుపు చెడును. ఉల్లి వేసిన కూరలును ద్రాక్షయు దానికి విషమే. మొదటి మూడు దినములు అది మంచము క్రింద నుండి బయటకు రాలేదు. తోటవారికి దిగులు పుట్టినది. ఎంత పిలిచినను తల యెత్తదు.

నాలుగవ నాడు మిత్రునికి ఫోను చేసి అడుగగా సంగతి తెలిసినది. ఆ కుక్కకు తెలుగు రాదు. హైదరాబాదులో మనుమలు దానితో ఆంగ్లమే మాటలాడెడివారు. తోట యజమానురాలు అఱువదేండ్ల మనిషి, బడి ముఖము చూచినది కాదు. ఆమె ఆ సాయంకాలమే "కమ్" అనియు "సిట్" అనియు రెండు మాటలు నేర్చుకొని, అన్నము గిన్నెను దూరముగ పెట్టి, తాను వెనుకకు జరిగి, మెల్లగ "కమ్" అనెను. మంచము క్రింద నుండి మొదట ముక్కు కనబడినది.